పరిశోధక విద్యార్థుల ఫెలోషిప్ నిధికి విరాళం: ఒక దాత సమీక్ష

విశ్వవిద్యాలయానికి డబ్బు ఇవ్వదలచినవారి ముందు పెట్టే జాబితాలో భవనాలు, క్రీడా ప్రాంగణాలు, ప్రయోగశాల పరికరాలు, గ్రంథాలయం ముందు వరుసలో ఉంటాయి. పరిశోధక విద్యార్థుల ఫెలోషిప్ నిధి సాధారణంగా ఆ జాబితా అడుగున ఎక్కడో కనిపిస్తుంది. నేను చదువుకున్న విశ్వవిద్యాలయంలోనూ పరిస్థితి ఇదే. ఆ నిధికి కొన్నేళ్లుగా నెలనెలా కొంత మొత్తం ఇస్తూ, తరువాత కొందరు సహాధ్యాయులతో కలిసి అక్కడే ఒక ప్రత్యేక ఫెలోషిప్‌ను నెలకొల్పినవాడిగా, ఈ వ్యవస్థ దాతకు ఎలాంటి సేవ అందిస్తుందో, విద్యార్థికి నిజంగా ఏం చేరుస్తుందో వివరంగా రాయాలని చాలాకాలంగా అనుకుంటున్నాను. విశ్వవిద్యాలయం పేరు చెప్పడం లేదు. ఇక్కడ ప్రస్తావించే మంచి, చెడు రెండూ ఆ ఒక్క సంస్థకే పరిమితమైనవి కావు.

నా అభిప్రాయం ముందే చెబుతాను. ఉన్నత విద్యకు ఇవ్వగలిగిన విరాళాలలో పరిశోధక విద్యార్థి ఫెలోషిప్‌కు ఇచ్చేది అత్యంత విలువైనదని నేను నమ్ముతున్నాను. అయితే ఆ విలువను నిర్ణయించేది ఇచ్చిన మొత్తం కాదు, దానితోపాటు సంతకం చేసిన ఒప్పంద పత్రంలోని మాటలు. ఆ మాటల గురించి విశ్వవిద్యాలయం తనంతట తానుగా దాతకు చెప్పేది చాలా తక్కువ. అడిగిన దాతకు మాత్రం ఓపికగా, చాలావరకు నిజాయితీగా సమాధానం దొరుకుతుంది. కనుక ఏమేం అడగాలో తెలిసి ఉండటం అవసరం.

పరిశోధక విద్యార్థికి డబ్బు సాధారణంగా మూడు దారుల్లో వస్తుంది. మొదటిది బోధనా సహాయకుడిగా పనిచేసి సంపాదించుకునే వేతనం: కింది తరగతులకు పాఠం చెప్పడం, జవాబు పత్రాలు దిద్దడం, ప్రయోగశాల తరగతులు నడపడం. రెండవది పరిశోధనా సహాయకుడిగా గైడు తెచ్చుకున్న ప్రాజెక్టు నిధుల నుంచి వచ్చేది. ఇందులో పని ఆ ప్రాజెక్టుకు కట్టుబడి ఉంటుంది, ప్రాజెక్టు ముగిస్తే జీతమూ ముగుస్తుంది. మూడవది ఫెలోషిప్. దీనికి బదులుగా ఎవరికీ ఏ పనీ చేసిపెట్టనక్కర లేదు; విద్యార్థి తన ప్రశ్నను తాను వెతుక్కోవడానికి కావలసిన సమయాన్ని ఇస్తుంది. గైడుతో పొసగనప్పుడు మరొకరి దగ్గరకు మారే ధైర్యాన్నీ, ఎవరి ప్రాజెక్టులోనూ ఇమడని అంశాన్ని ఎంచుకునే స్వేచ్ఛనూ ఇచ్చేది ఈ మూడవ దారి మాత్రమే. బోధన కూడా విద్యార్థికి మేలు చేసేదే, అందులో సందేహం లేదు. కానీ ప్రతి అర్ధ సంవత్సరమూ బోధించక తప్పని విద్యార్థికీ, ఒక ఏడాది పాటు ఆ బాధ్యత లేని విద్యార్థికీ మధ్య తేడా థీసిస్‌లో కనిపిస్తుంది.

ఫెలోషిప్ ఉండటం, లేకపోవడం, మధ్యలో ఆగిపోవడం ఒక మనిషి చదువును ఎలా మారుస్తాయో తెలుసుకోవడానికి అంబేడ్కర్ విద్యార్థి జీవితాన్ని మించిన ఉదాహరణ నాకు కనిపించదు. 1913లో బరోడా మహారాజు మూడవ శాయాజీరావు గాయక్వాడ్ ఇచ్చిన ఉపకార వేతనంతో, నెలకు 11.50 పౌండ్ల చొప్పున మూడేళ్ల పాటు, ఆయన న్యూయార్క్‌లోని కొలంబియా విశ్వవిద్యాలయంలో చదివారు. 1916లో లండన్ స్కూల్ ఆఫ్ ఎకనామిక్స్‌లో చేరారు. కానీ ఉపకార వేతనం గడువు ముగియడంతో 1917లో చదువు సగంలో ఆపి తిరిగి రావలసి వచ్చింది. మళ్లీ లండన్ చేరుకోవడానికి 1920 దాకా పట్టింది; అదీ సొంతంగా కూడబెట్టుకున్న డబ్బుకు కొల్హాపూర్ షాహూ మహారాజు, ఒక మిత్రుడు చేసిన సాయం తోడైతే. రూపాయి సమస్యపై రాసిన థీసిస్‌కు డాక్టరేట్ పట్టా 1923లో అందింది. మొదటి మూడేళ్ల ఉపకార వేతనం ఎంత గొప్ప దానమో, మరికొంత కాలం పాటు అది కొనసాగకపోవడం ఎంత పెద్ద లోటో ఈ తేదీలే చెబుతాయి. అంతటి పట్టుదల ఉన్న మనిషి కాబట్టి ఆయన తిరిగి వెళ్లగలిగారు. అలా ఆగి, తిరిగి వెళ్లలేకపోయినవారి పేర్లు మనకు తెలియవు.

ఎల్లాప్రగడ సుబ్బారావు కథ మరో కోణం చూపిస్తుంది. 1920లలో హార్వర్డ్‌కు చేరిన ఆయనకు అక్కడ చదువుకు ఉపకార వేతనం లేదు. బోస్టన్‌లోని ఒక ఆసుపత్రిలో రాత్రిపూట చిన్న పనులు చేస్తూ పొట్ట పోసుకున్నారు. ఆ తరువాత సైరస్ ఫిస్క్‌తో కలిసి ఆయన రూపొందించిన భాస్వరం కొలిచే పద్ధతి జీవరసాయన శాస్త్రంలో ఈనాటికీ ఇద్దరి పేర్లతోనే చెలామణిలో ఉంది. కష్టపడి పైకి వచ్చిన తీరును మనం గర్వంగా చెప్పుకుంటాం, చెప్పుకోవాలి కూడా. కానీ దాతగా నాకు తోచేది వేరు: రాత్రంతా ఆసుపత్రి వరండాల్లో తిరిగిన ఆ గంటలు ప్రయోగశాలకు దక్కి ఉండవలసినవి. ఫెలోషిప్ తిరిగి కొనిచ్చేది సరిగ్గా ఆ గంటలనే.

ఇక డబ్బు ఏ సంవత్సరంలో అందాలి అన్న ప్రశ్న. దాతలు ఎక్కువగా మొదటి సంవత్సరపు ఫెలోషిప్‌ను ఇష్టపడతారు. కొత్తగా వచ్చిన ప్రతిభావంతులను ఆకర్షించడానికి అది పనికొస్తుందని విశ్వవిద్యాలయాలు కూడా దాన్నే ముందుకు తోస్తాయి. నా అనుభవంలో అంతకంటే అవసరమైనది చివరి సంవత్సరానిది. పరిశోధన దాదాపు పూర్తయి, రాయడం మిగిలి ఉన్న దశలో చాలా విభాగాలు డబ్బు ఇస్తామని ఇచ్చే హామీ కాలం ముగిసిపోతుంది. ఆ సమయంలో విద్యార్థి పూర్తి కాలపు ఉద్యోగం వెతుక్కుంటాడు, రాత్రిపూట రాస్తానని తనకు తాను చెప్పుకుంటాడు, థీసిస్ ఏళ్ల తరబడి సాగుతుంది లేదా ఆగిపోతుంది. అప్పటికే అయిదారేళ్ల ప్రజాధనం, గైడు శ్రమ, విద్యార్థి యవ్వనం ఖర్చయి ఉన్నాయి. ఒక ఏడాది స్టైపెండ్‌తో అవన్నీ పట్టాగా మారతాయంటే అంతకంటే మంచి ఖర్చు ఏముంటుంది? మేము నెలకొల్పిన ఫెలోషిప్‌ను థీసిస్ రచనా సంవత్సరానికే కేటాయించాం. విరాళాల విభాగం మొదట కాస్త ఆశ్చర్యపడినా, పరిశోధక విద్యార్థుల వ్యవహారాలు చూసే డీన్ కార్యాలయం మాత్రం ఎంతో సంతోషించింది. ఈ రెండు కార్యాలయాల ప్రాధాన్యాలు ఒకటి కావని దాతలు గ్రహించాలి. ఒప్పందం ఖరారు చేసే ముందు రెండవ కార్యాలయంతో తప్పక మాట్లాడాలి.

శాశ్వత నిధి నెలకొల్పాలా, ఏ ఏడాదికి ఆ ఏడాది ఖర్చయ్యేలా ఇవ్వాలా అన్నది ప్రతి దాతా ఎదుర్కొనే ప్రశ్న. శాశ్వత నిధి అంటే చెట్టును నిలుపుకొని కాయలు మాత్రమే కోసుకునే పద్ధతి. మూలధనాన్ని పెట్టుబడిగా ఉంచి, ఏటా దానిలో నాలుగు నుంచి అయిదు శాతం దాకా ఖర్చుకు విడుదల చేయడం అమెరికా విశ్వవిద్యాలయాల్లో సాధారణంగా కనిపించే రివాజు. లెక్క చాలా సూటిగా ఉంటుంది: నాలుగు శాతం విడుదల చేసే చోట ఒక విద్యార్థి ఏడాది స్టైపెండ్‌ను శాశ్వతంగా భరించాలంటే దానికి 25 రెట్ల మూలధనం కావాలి. అంటే ఆ సొమ్ముతో ఈ రోజే 25 మందికి ఒక్కో ఏడాది చొప్పున స్టైపెండ్ ఇవ్వవచ్చు. మార్కెట్ ఒడుదొడుకులు విద్యార్థిని నేరుగా తాకకుండా విడుదల మొత్తాన్ని కొన్నేళ్ల సగటుపై లెక్కగడతారు. యేల్ విశ్వవిద్యాలయం అనుసరించే సూత్రం ఆర్థికవేత్త జేమ్స్ టోబిన్ ఆలోచనల నుంచి వచ్చింది. అందులో ఎక్కువ బరువు కిందటి ఏడాది ఖర్చుకు, తక్కువ బరువు నిధి ప్రస్తుత విలువకు ఉంటుంది. ఇలాంటి ఏర్పాటు ఎంత అవసరమో 2009 చూపించింది. ఆ ఏడాది జూన్‌తో ముగిసిన ఆర్థిక సంవత్సరంలో హార్వర్డ్ నిధి పెట్టుబడులు 27 శాతం మేర నష్టపోయాయి. అలాంటి సమయంలో, కొత్తగా నెలకొల్పిన నిధుల విలువ దాత ఇచ్చిన మొత్తం కన్నా కిందికి పడిపోతే, వాటి నుంచి విడుదలలు తగ్గించడమో ఆపడమో చాలా చోట్ల జరుగుతుంది. మీ నిధి అలా మునిగితే అప్పటికే ఎంపికైన విద్యార్థి స్టైపెండ్‌ను ఎవరు భరిస్తారన్నది ఒప్పందంలోనే ఉండాలి. మా పత్రంలో విద్యార్థి చదివే విభాగం భరిస్తుందని రాయించాం.

శాశ్వతం అన్న మాట మీద ఇంకొక హెచ్చరిక. నిధి నుంచి వచ్చే చెల్లింపు ఏటా రెండు శాతం చొప్పున పెరుగుతూ, స్టైపెండ్ మాత్రం నాలుగు శాతం చొప్పున పెరిగిందనుకుందాం. ఈ రోజు ఒక పూర్తి స్టైపెండ్‌ను భరించే నిధి 20 ఏళ్ల తరువాత దానిలో సుమారు మూడింట రెండు వంతులే భరించగలుగుతుంది. మిగిలినది ఎవరో ఒకరు కలపాలి. నా సలహా ఇది: ఇవ్వదలచిన మొత్తం ఒక పూర్తి స్టైపెండ్‌ను భరించే శాశ్వత నిధికి చాలకపోతే, దాన్ని ఏ ఏడాదికి ఆ ఏడాది ఖర్చయ్యే నిధికే ఇవ్వండి. పేరు శాశ్వతంగా ఉంటుందన్న ఆశతో చిన్న మొత్తాన్ని మూలధనంలో పెడితే, ఏటా దానిమీద వచ్చేది ఒక విద్యార్థి పుస్తకాల ఖర్చుకు కూడా సరిపోకపోవచ్చు. ఈ మాటను విరాళాల విభాగం దాతకు చెప్పడానికి తటపటాయిస్తుంది. ఇది వారి సేవలో నేను గమనించిన పెద్ద లోపాల్లో ఒకటి.

అన్నింటికన్నా ముఖ్యమైన ప్రశ్న మరొకటుంది, దానిమీద కొంత ఎక్కువ సేపు నిలవాలి. ఒక విభాగం తన సొంత బడ్జెట్ నుంచి పది మంది పరిశోధక విద్యార్థులకు స్టైపెండ్ ఇస్తోందనుకుందాం. మీరు ఒక ఫెలోషిప్‌కు డబ్బు ఇచ్చారు. మరుసటి ఏడాది ఆ విభాగం తొమ్మిది మందికి తన డబ్బుతో, పదో విద్యార్థికి మీ డబ్బుతో ఇస్తుంది. మొత్తం విద్యార్థులు పది మందే, స్టైపెండ్ పాతదే, బోధనా భారం పాతదే. మారిందల్లా ఒకరి పేరు పక్కన మీ ఫెలోషిప్ పేరు చేరడం. మిగిలిన సొమ్ము విభాగం మరో అవసరానికి వాడుకుంటుంది. ఇందులో మోసం ఏమీ లేదు, ఆ మరో అవసరం కూడా సమంజసమైనదే కావచ్చు. కానీ విద్యార్థి జీవితం మెరుగుపడుతుందన్న ఉద్దేశంతో డబ్బు ఇచ్చిన దాత ఆశించినది జరగలేదు. విరాళం కోరుతూ పంపే అందమైన కరపత్రాల్లో ఈ విషయం ఎప్పుడూ ఉండదు.

దీనికి మందు సూటిగా అడగడమే. నేను అడిగినవి ఇవి: మా డబ్బుతో ఒక విద్యార్థి అదనంగా చేరతాడా, లేక ఉన్న విద్యార్థికే అది అందుతుందా? ఉన్న విద్యార్థికే అందితే అతని స్టైపెండ్ పెరుగుతుందా, లేక బోధన బాధ్యత తగ్గుతుందా? ఈ రెండూ కాకపోతే విభాగానికి మిగిలే సొమ్ము ఎక్కడికి వెళుతుంది? మొదటి సమావేశంలో వచ్చిన సమాధానం, విశ్వవిద్యాలయం పట్ల మా నిబద్ధతకు ఎంతో కృతజ్ఞతలు అన్న ధోరణిలో ఉంది. రెండవ సమావేశానికి బడ్జెట్ చూసే అధికారిణిని వెంటబెట్టుకొని వచ్చారు, ఆమె ఏ దాపరికమూ లేకుండా లెక్క చెప్పారు. విభాగం బడ్జెట్ నుంచి ఇచ్చే స్టైపెండ్‌ల సంఖ్యను మా ఫెలోషిప్ కారణంగా తగ్గించబోమన్న వాక్యం, ఫెలోషిప్ ఏడాదిలో బోధన ఉండదన్న వాక్యం ఒప్పందంలో చేరాయి. ఈ రెండు వాక్యాల కోసం పట్టిన సమయం మొత్తం ప్రక్రియలో ఎక్కువ భాగాన్ని మింగింది. ఆ సమయం వృథా కాలేదని గట్టిగా చెప్పగలను. ఆ అధికారిణి వంటి ఉద్యోగులు ప్రతి విశ్వవిద్యాలయంలోనూ ఉంటారు. దాత వారిని కలవాలని పట్టుబట్టాలి.

ఒప్పంద పత్రం గురించి చరిత్ర చెప్పే పాఠాలు కొన్ని ఉన్నాయి. 1643లో లేడీ మౌల్సన్, పుట్టింటి పేరుతో ఆన్ రాడ్‌క్లిఫ్, హార్వర్డ్‌కు వంద పౌండ్లు ఇచ్చారు. ఒక పేద విద్యార్థి ఎం.ఏ. పట్టా పొందే దాకా ఆ సొమ్ముపై వచ్చే ఆదాయం అతని పోషణకు అందాలన్నది ఆమె కోరిక. ఆ సంస్థకు అందిన మొట్టమొదటి స్కాలర్‌షిప్ నిధి అదే. కాలక్రమంలో ఆ డబ్బు మిగతా సొమ్ములో కలిసిపోయి, ఆమె ఉద్దేశం మరుగున పడిపోయింది. 1890ల దశకంలో గాని దాన్ని మళ్లీ వెలికితీయలేదు. 1894లో అక్కడి మహిళా కళాశాలకు ఆమె పుట్టింటి పేరు పెట్టారు. ఆదాయాన్ని విడిగా లెక్క చూపే నియమం లేని చోట రెండున్నర శతాబ్దాలు ఎలా గడిచిపోతాయో చూడండి.

రెండవ పాఠం ప్రిన్స్‌టన్‌ది. 1961లో చార్లెస్, మారీ రాబర్ట్‌సన్ దంపతులు ప్రజా వ్యవహారాల స్నాతకోత్తర విద్య కోసం అక్కడ 3.5 కోట్ల డాలర్ల విలువైన షేర్లు ఇచ్చారు. విద్యార్థులు ప్రభుత్వ సేవలో చేరేలా, ముఖ్యంగా అంతర్జాతీయ వ్యవహారాలలో, తీర్చిదిద్దడం దాని లక్ష్యం. ఆ లక్ష్యానికి తగినట్టు డబ్బు ఖర్చు కావడం లేదని వారి వారసులు 2002లో కోర్టుకు వెళ్లారు, విశ్వవిద్యాలయం ఆ ఆరోపణను ఖండించింది. విచారణ దాకా వెళ్లకుండా 2008 డిసెంబరులో రాజీ కుదిరింది. కుటుంబ సంస్థ భరించిన న్యాయవాద ఖర్చులకు 4 కోట్ల డాలర్లు, ప్రభుత్వ సేవకు విద్యార్థులను సిద్ధం చేసే కొత్త సంస్థకు 5 కోట్ల డాలర్లు విశ్వవిద్యాలయం చెల్లించేలా, మిగిలిన నిధి పూర్తిగా విశ్వవిద్యాలయానిదయ్యేలా ఒప్పుకున్నారు. ఎవరి వాదన సరైనదన్నది ఇక్కడ నా ప్రశ్న కాదు. లక్ష్యాన్ని ఎలా కొలవాలో, ఎవరు కొలవాలో ముందే రాసుకోకపోతే రెండు వైపులా సదుద్దేశం ఉన్నా ఎంత డబ్బు న్యాయవాదుల పాలవుతుందో ఈ వ్యవహారం చూపిస్తుంది.

మూడవ పాఠం దీనికి ఎదురు దిశలోది. సిసిల్ రోడ్స్ 1902లో మరణించాక ఆయన వీలునామా ప్రకారం ఆక్స్‌ఫర్డ్‌లో మొదలైన స్కాలర్‌షిప్‌లు పురుషులకే పరిమితమయ్యాయి. చట్టపరంగా మార్పు వచ్చాక 1977లో గాని మహిళలకు అవి అందలేదు. మరీ ఇరుకైన నిబంధన దాత కాలంలో సహజంగానే కనిపిస్తుంది. తరువాతి తరాల విద్యార్థులకు అది మూసిన తలుపు అవుతుంది. అంత తీవ్రంగా కాకపోయినా, ఫలానా ఊరి నుంచి వచ్చి, ఫలానా అంశం మీద, ఫలానా పద్ధతిలో పరిశోధన చేసే విద్యార్థికే అని రాసిన నిధులు ప్రతి చోటా ఉంటాయి. అర్హులు దొరకక వాటి ఆదాయం ఏళ్ల తరబడి ఖర్చు కాకుండా పేరుకుపోతూనే ఉంటుంది, పక్క గదిలో మరో విద్యార్థి చదువు మానేసే ఆలోచనలో ఉన్నా సరే. కనుక ప్రాధాన్యం ఇవ్వవచ్చు, షరతు పెట్టకూడదు అన్నది నేను పాటించే నియమం. ఫలానా అంశానికి ప్రాధాన్యం ఇస్తారు, తగినవారు లేని ఏడాది విభాగంలో అర్హులైన మరొకరికి ఇస్తారు అన్న ఒక్క వాక్యం ఆ చిక్కును తొలగిస్తుంది. విభాగమే మూతపడితే నిధిని దేనికి మళ్లించాలో కూడా రాయించాం. ఆ మాట ఎత్తినప్పుడు సమావేశంలో అందరూ కొంత ఇబ్బంది పడ్డారు గాని, శాశ్వతం అన్నప్పుడు ఆలోచించవలసినది అదే కదా.

ఏ శాస్త్రానికి ఇవ్వాలి అన్న విషయంలో నా అభిప్రాయం స్పష్టం. విజ్ఞాన, సాంకేతిక రంగాల విద్యార్థులకు గైడుల ప్రాజెక్టులు, ప్రభుత్వ ఫెలోషిప్‌లు కొంతవరకు అండగా ఉంటాయి. చరిత్ర, సాహిత్యం, భాషాశాస్త్రం, తత్త్వశాస్త్రం వంటివాటిలో అలాంటి ప్రాజెక్టులు అరుదు. బోధన లేదా ఫెలోషిప్, అంతే. మరో లోటు విదేశీ విద్యార్థులది. అమెరికాలో 1952 నుంచి నడుస్తున్న నేషనల్ సైన్స్ ఫౌండేషన్ వారి పరిశోధక ఫెలోషిప్ ఆ దేశ పౌరులకు, శాశ్వత నివాసులకు మాత్రమే. ప్రభుత్వ సొమ్ముకు ఇలాంటి పరిమితులు ఉండటంలో తప్పు లేదు. సరిహద్దు చూడని డబ్బు మాత్రం దాతల నుంచే రావాలి. 2000లో బిల్, మెలిండా గేట్స్ ఫౌండేషన్ 21 కోట్ల డాలర్లతో కేంబ్రిడ్జిలో నెలకొల్పిన స్కాలర్‌షిప్‌లు బ్రిటన్ వెలుపలి దేశాల విద్యార్థులకే ఉద్దేశించినవి. మా ఫెలోషిప్‌కు పౌరసత్వ షరతు లేకుండా చూసుకున్నాం.

పన్నుల గురించి క్లుప్తంగా. ఇచ్చిన సొమ్ముకు దాతకు పన్ను మినహాయింపు దొరకాలంటే ఫలానా వ్యక్తికే ఇవ్వండి అని చెప్పడం సాధారణంగా కుదరదు. ఎంపిక విశ్వవిద్యాలయానిదే కావాలి, అదే సబబు కూడా. దాతలు పట్టించుకోని సంగతి విద్యార్థి వైపు పన్ను. అమెరికాలో 1986 పన్ను సంస్కరణ తరువాత ట్యూషన్, తప్పనిసరి పుస్తకాల ఖర్చు పోను జీవనానికి అందే స్టైపెండ్ పన్ను పడే ఆదాయమే. పైగా చాలా సందర్భాల్లో జీతంలో మాదిరిగా పన్ను ముందే మినహాయించరు కాబట్టి, విద్యార్థే లెక్కగట్టి విడతలుగా కట్టుకోవాలి. ఫెలోషిప్ పరిమాణం నిర్ణయించేటప్పుడు చేతికి అందేది ఎంత అన్నదే చూడాలి. ఆరోగ్య బీమా ఎవరు చెల్లిస్తారో కూడా అడగాలి. బోధనా సహాయకులకు వేతనంతోపాటు వచ్చే బీమా, ఫెలోషిప్‌కు మారగానే కొన్ని చోట్ల ఆగిపోతుంది. విద్యార్థికి మేలు చేయబోయి అతని బీమా పోగొట్టే పరిస్థితి ఏ దాతా కోరుకోడు.

ఇక సేవ విషయానికి వస్తే, నెలవారీ విరాళం ఏర్పాటు సులభంగానే సాగింది. రశీదులు సకాలంలో అందాయి, మొత్తం మార్చుకోవాలన్నా కొన్నాళ్లు ఆపాలన్నా ఎవరూ ఇబ్బంది పెట్టలేదు. ఫెలోషిప్ నిధి పేరును జాబితాలో వెతుక్కోవడమే కష్టం. వెతకలేక అత్యవసర సాధారణ నిధిని ఎంచుకున్నవారు నాకు తెలుసు. విరాళంలో కొంత శాతాన్ని పరిపాలనా ఖర్చుకు మినహాయించే పద్ధతి కొన్ని విశ్వవిద్యాలయాల్లో ఉంది. ఇక్కడా ఉంది, కానీ ఆ సంగతి అడిగాకే చెప్పారు. మినహాయింపు మీద నాకు అభ్యంతరం లేదు, లెక్కలు రాసేవారికీ జీతాలు ఇవ్వాలి. దాన్ని మొదటి పుటలోనే చెప్పకపోవడం మీద మాత్రం ఉంది.

ఏటా వచ్చే నివేదికలో నిధి ఆరంభ విలువ, ఏడాదిలో చేరిన విరాళాలు, విడుదలైన మొత్తం, ముగింపు విలువ ఉంటాయి. ఎవరికి ఫెలోషిప్ దక్కిందో, వారి పరిశోధనాంశం ఏమిటో ఒక పేజీలో వస్తుంది. ఈ పేజీ నాకు ఎంతో ఇష్టమైనది. చదివి అర్థం చేసుకోలేని అంశాలు కూడా ఉంటాయి, అయినా ఆ శీర్షికల కోసం ఎదురుచూస్తాను. దీనికి తోడు ఫెలోల చేత దాతకు కృతజ్ఞతా లేఖ రాయించే ఆనవాయితీ ఉంది. దాన్ని తప్పనిసరి చేయవద్దని మేము కోరాం. చివరి ఏడాదిలో ఉన్న విద్యార్థి రాయవలసినది థీసిస్. మాకు రుణపడినట్టు రాసే లేఖ కాదు. ఇష్టపడి రాసినవారి లేఖలు అందాయి. వాటిలో తమ పరిశోధన గురించి రాసిన భాగాలు కృతజ్ఞతల కన్నా ఎన్నో రెట్లు పెద్దవి, అదే మేము కోరుకున్నది. ఇక దాతల విందుకు ఫెలోలను పిలిచి, వారి పేదరికం గురించి మాట్లాడించే పద్ధతి కొన్ని చోట్ల నడుస్తోంది, అది ఆగాలి. సహాయం అందుకున్నవారి ఇంటి పరిస్థితులు దాతకు తెలియనక్కర లేదు.

పెద్ద మొత్తాలు ఇవ్వలేనివారు ఇదంతా చదివి వెనుకడుగు వేయవద్దు. 2016లో నైకీ సహ వ్యవస్థాపకుడు ఫిల్ నైట్ స్టాన్‌ఫర్డ్‌లో పరిశోధక, స్నాతకోత్తర విద్యార్థుల కోసం 40 కోట్ల డాలర్లు ప్రకటించారు, అలాంటివి వార్తల్లో నిలుస్తాయి. కానీ విభాగాల దగ్గర ఉండే ఉమ్మడి ఫెలోషిప్ నిధులు చిన్న చిన్న విరాళాలతోనే నడుస్తాయి, అవి చేసే పని ఎంతో పెద్దది. వేసవి నెలల్లో స్టైపెండ్ ఆగిపోయే చోట అవి ఆ ఖాళీని పూడుస్తాయి. దూరపు గ్రంథాలయంలోని తాళపత్రాలు చూడటానికి, క్షేత్ర పరిశోధనకు, మొదటి సదస్సుకు వెళ్లడానికి ప్రయాణ ఖర్చు ఇస్తాయి. చాలా చోట్ల విద్యార్థి ముందు తన చేతి డబ్బు పెట్టుకొని, బిల్లులు సమర్పించి, నెలల తరువాత తిరిగి పొందుతాడు. చేతిలో డబ్బు లేనివాడు ఆ ప్రయాణమే మానుకుంటాడు. ఉమ్మడి నిధికి ఇచ్చేటప్పుడు డబ్బు ముందుగా ఇస్తారా, తరువాత తిరిగి చెల్లిస్తారా అని ఒక్క మాట అడగండి. దాతలు కొందరు అడిగినందువల్లే మా విభాగం ప్రయాణాలకు ముందస్తు చెల్లింపు మొదలుపెట్టింది.

నా తరఫున మిగిలిన కోరిక ఒకటే. వార్షిక నివేదికలో విడుదలైన మొత్తం కనిపిస్తుంది గాని, విడుదలై ఖర్చు కాకుండా మిగిలినది ఎంతో కనిపించదు. ఆ వరుసను చేర్చాలని, దాన్ని మా ఒక్క ఫెలోషిప్‌కే కాకుండా విశ్వవిద్యాలయంలోని అన్ని ఫెలోషిప్ నిధులకూ బహిరంగంగా చూపాలని రాతపూర్వకంగా కోరాను. మా నిధి వరకు చేరుస్తామని జవాబు వచ్చింది, మిగతావాటి గురించి పరిశీలిస్తామన్నారు. ఏ విశ్వవిద్యాలయానికి ఫెలోషిప్ విరాళం ఇస్తున్నా, సంతకానికి ముందు ఆ సంఖ్యను మీరూ అడిగి చూడండి.